కాలి ధమని ఉన్నట్టుండి మూసుకుపోతే: కోతా, క్యాథెటరా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ మేనమామగారికి 66 ఏళ్లు. గుండె లయ తప్పే జబ్బు, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది. పన్ను పీకించుకోవడానికి రక్తం పల్చబడే మాత్ర ఆపి, మళ్లీ మొదలుపెట్టలేదు. పది రోజులకు ఒక సాయంత్రం ఎడమ కాలు మోకాలి కిందనుంచి చల్లబడి పాలిపోయింది. ఒక ఆసుపత్రిలో గజ్జ దగ్గర కోసి గడ్డ తీయాలన్నారు. రెండో చోట కోత అక్కర్లేదు, సూది రంధ్రంలోంచి సన్న గొట్టం, అంటే క్యాథెటర్ పంపి లాగేస్తామన్నారు. ఎవరి మాట సరైనది, కోత లేకుండా ఎలా తీస్తారు, ఖర్చు సంగతేమిటి, ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలి?

ఎవరింట్లోనైనా ఈ క్షణాన ఇదే జరుగుతుంటే చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

ఇద్దరు డాక్టర్లూ తప్పు చెప్పి ఉండకపోవచ్చు. ఇక్కడ అసలు లెక్క రంధ్రం చిన్నదా పెద్దదా అని కాదు, ఆ కాలికి ఇంకా ఎన్ని గంటల ఆయుష్షు ఉందన్నది. రక్తం పూర్తిగా ఆగిపోతే ముందు స్పర్శను మోసే నాడులు దెబ్బతింటాయి, తర్వాత కండరం, అన్నిటికంటే చివర చర్మం. కండరానికి సుమారు ఆరు గంటలు దాటితే కోలుకోలేని నష్టం మొదలవుతుంది. చర్మం మాత్రం అప్పటికీ బాగానే కనబడుతుంది. పైకి బాగుందని లోపల బాగున్నట్టు కాదు.

అయితే ఆ ఆరు గంటలు అందరికీ ఒకటి కాదు. గుండెలో తయారైన గడ్డ కొట్టుకొచ్చి శుభ్రంగా ఉన్న ధమనిలో ఇరుక్కుంటే, పక్కదారి నాళాలు ఉండవు కాబట్టి కాలు ఒక్కసారిగా తెల్లబడిపోతుంది. ఏళ్లుగా కొవ్వు పేరుకుని సన్నబడిన ధమనిలో గడ్డ కడితే, అప్పటికే చిన్నచిన్న పక్కనాళాలు పెరిగి ఉంటాయి కాబట్టి కాలు కొంత ఓర్చుకుంటుంది. "మామూలుగా నడిచేవాడు, నిమిషాల్లో ఇలా అయింది, రెండో కాల్లో నాడి చక్కగా కొట్టుకుంటోంది, గుండె దడ ఉంది" అంటే కొట్టుకొచ్చిన గడ్డ. "ఆర్నెల్లుగా నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసేది, నిన్నటినుంచి ఎక్కువైంది" అంటే పాత ధమనిలో కొత్త గడ్డ. ఈ రెండు మాటలు డాక్టరుకు స్పష్టంగా చెబితే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే. లక్షణాలు మొదలై 14 రోజుల లోపైతే దాన్ని అక్యూట్ అంటారు.

మొదటి గంటలు ఎక్కడ పోతాయంటే

మన వాడుకలో "నరం" అంటే నాడీ అవుతుంది, రక్తనాళమూ అవుతుంది. "నరం పట్టేసింది" అనగానే వేడి నూనె మర్దన, ఉప్పుమూట కాపడం మొదలవుతాయి. రక్తం లేని కాలికి వేడి తగిలితే స్పర్శ లేక తెలియదు, చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. మర్దన వల్ల గడ్డ ముక్కలై కిందకి జారవచ్చు. కొందరు సయాటికా అనుకుని నడుం ఎమ్మారై తీయిస్తారు. ఇంకొందరు సిరలో గడ్డ అనుకుని కాలి కింద దిండ్లు పేర్చి ఎత్తి పెడతారు. సిరలో గడ్డయితే కాలు వాచి, బరువెక్కి, వెచ్చగా ఉంటుంది. ధమని మూసుకుంటే వాపు ఉండదు. పాలిపోయి, చల్లగా, పైసిరలు కూడా కుంగిపోయి కనిపిస్తాయి. అలాంటి కాలిని ఎత్తిపెడితే వచ్చే కాస్త రక్తమూ రాదు. సమతలంగానో, మంచం తల కాస్త ఎత్తి కాలు కొద్దిగా కిందకి ఉండేలాగానో పెట్టాలి. మడమ కింద మెత్తటి దూది. వేడి వద్దు, ఐసూ వద్దు.

షుగరున్నవాళ్లతో ఒక చిక్కు. వాళ్లకి ముందే పాదాల్లో స్పర్శ తక్కువ కాబట్టి నొప్పి అంతగా తెలియదు. రెండు పాదాలనూ ఒకేసారి చేతి వెనక భాగంతో తాకి చూడండి. ఒకటి స్పష్టంగా చల్లగా ఉంటే అదొక్కటే చాలు బయల్దేరడానికి.

బయల్దేరే ముందు వెళ్లబోయే ఆసుపత్రికి ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: వాస్కులర్ సర్జన్, అంటే రక్తనాళాల సర్జన్ ఉన్నారా, క్యాథ్‌ల్యాబ్ ఈ రాత్రి నడుస్తుందా, అవసరమైతే గజ్జ కోసి గడ్డ తీసే ఏర్పాటు అదే చోట ఉందా. మూడోది లేని చోట క్యాథెటర్ పని మధ్యలో ఆగిపోతే మళ్లీ అంబులెన్స్ ఎక్కాలి. దగ్గర్లోని చిన్న ఆసుపత్రికే ముందు వెళ్లాల్సి వస్తే, పెద్దాసుపత్రికి పంపేముందు హెపారిన్ ఇంజెక్షన్ ఇవ్వమని, ఇచ్చిన టైమూ మోతాదూ కాగితం మీద రాయమని అడగండి. మెదడులో రక్తస్రావం వంటి అడ్డంకులు లేకపోతే ఇది సాధారణంగా 5000 యూనిట్లు, లేదా కిలో బరువుకు 60 నుంచి 80 యూనిట్ల చొప్పున ఒక్కసారి, ఆపైన గంటకు కిలోకు 12 నుంచి 18 యూనిట్ల డ్రిప్. హెపారిన్ ఉన్న గడ్డను కరిగించదు. అది ఇంకా కిందకీ పైకీ పెరగకుండా ఆపుతుంది. ఆ పని కూడా తక్కువదేమీ కాదు, చిన్న నాళాలు మూసుకుపోతే పైనున్న గడ్డ ఎంత చక్కగా తీసినా రక్తానికి వెళ్లే దారి ఉండదు.

కాలి గడియారం ఎలా చదువుతారు

డాక్టరు చేసేది పెద్ద పరీక్షేమీ కాదు. వేళ్లు కదిలించమంటారు, మడమ పైకెత్తమంటారు, ఎక్కడిదాకా స్పర్శ తెలుస్తుందో చూస్తారు. పెన్ను సైజు డాప్లర్ యంత్రంతో పాదం మీద ధమని శబ్దం, సిర శబ్దం వింటారు. దీన్నిబట్టి రూథర్‌ఫర్డ్ తరగతి, అంటే కాలు ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే మెట్టు వేస్తారు.

ఒకటో తరగతిలో స్పర్శ బాగుంది, కదలిక బాగుంది, డాప్లర్‌లో ధమని వినబడుతోంది. కాలు ప్రస్తుతానికి సురక్షితం, 6 నుంచి 24 గంటల్లో చేయొచ్చు. రెండు-ఏలో వేళ్ల దగ్గర మాత్రమే తిమ్మిరి, కండరం బలం తగ్గలేదు, ధమని శబ్దం తరచూ ఉండదు, సిర శబ్దం ఉంటుంది. రెండు-బీలో తిమ్మిరి వేళ్లు దాటి పైకి పాకింది, పాదం ఎత్తడంలో బలహీనత వచ్చింది. ఇక్కడ ప్రతి అరగంటా లెక్కే. మూడో తరగతిలో స్పర్శ పూర్తిగా పోయింది, కాలు కదలదు, కండరం బిగుసుకుంది, ధమనీ వినబడదు సిరా వినబడదు. అప్పుడు గడ్డ తీయడం కాలికి ఉపయోగపడదు. పైగా చచ్చిన కండరంలోంచి పొటాషియం, ఆమ్లం ఒక్కసారిగా గుండెకు చేరి ప్రాణానికే ముప్పు. ఆ స్థితిలో కాలు తీసేయాలని చెప్పే డాక్టరు కఠినంగా మాట్లాడుతున్నారనిపిస్తుంది, కానీ ప్రాణం కాపాడుతున్నారు.

మీ ప్రశ్నకు జవాబు తేలేది ఇక్కడే. గంటకు ఇంత చొప్పున మందు పోసి గడ్డను కరిగించే పద్ధతికి 12 నుంచి 24 గంటలు, ఒక్కోసారి 48 గంటలు పడుతుంది. పాదం ఎత్తలేని రెండు-బీ కాలికి అంత సమయం లేదు. దానికి వెంటనే రక్తం రావాలి: గజ్జ దగ్గర కోసి ఫోగార్టీ బెలూన్‌తో లాగడమో, క్యాథెటర్‌తో గడ్డను పీల్చేయడమో. ఒకటి, రెండు-ఏ తరగతుల్లో కరిగించే మందుకు సమయం ఉంటుంది. కాబట్టి "కోత లేదు" అని ఎవరైనా అంటే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదీ: పీలుస్తారా, కరిగిస్తారా? రెండూ కోత లేనివే, కానీ రక్తం వచ్చే సమయంలో పగలూ రాత్రీ తేడా.

ఫోగార్టీ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే "ఓపెన్ ఆపరేషన్" అనగానే ఇంట్లోవాళ్లు భయపడతారు. థామస్ ఫోగార్టీ ఈ బెలూన్ క్యాథెటర్‌ను 1963లో ప్రపంచానికి చూపించారు. అంతకుముందు గడ్డ తీయాలంటే కాలి పొడవునా కోసేవాళ్లు. ఇప్పుడు గజ్జలో 5 నుంచి 8 సెంటీమీటర్ల కోత, చాలాసార్లు అక్కడిమటుకే మత్తు. మూసిన బెలూన్‌ను గడ్డ దాటించి, కొద్దిగా ఉబ్బించి, వెనక్కి లాగితే గడ్డ ఊడొస్తుంది. సాధారణంగా పిక్క నాళాలకు 3 ఫ్రెంచ్ (గొట్టాల లావు కొలత), తొడకు 4, పైన కటిభాగంలో 5 సైజు వాడతారు. కొట్టుకొచ్చే గడ్డ ఎక్కువగా ఇరుక్కునేది ధమని రెండుగా చీలే చోట, అందులోనూ గజ్జ దగ్గరి చీలిక అన్నిటికంటే ఎక్కువ. శుభ్రమైన ధమనిలో, గజ్జ చీలికలో, గుండెనుంచి వచ్చిన గడ్డ అయితే ఫోగార్టీ ఇప్పటికీ గొప్ప పద్ధతి. అక్కడ ఖరీదైన యంత్రం కోసం రెండు గంటలు ఎదురుచూడటం తెలివైన పని కాదు. అదే గడ్డ మోకాలి వెనకా, పిక్క నాళాల్లో ఉంటే, లేదా ధమని ముందే కొవ్వుతో గరుకుగా ఉంటే, బెలూన్ లాగేటప్పుడు నాళం లోపలి పొర చీరుకుపోతుంది. అక్కడ క్యాథెటర్ నయం.

క్యాథ్‌ల్యాబ్‌లో జరిగేది

దానికి ముందు సీటీ యాంజియోగ్రామ్, పొట్టలోని పెద్ద ధమని నుంచి వేళ్ల దాకా. గడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, కింద ఏ నాళం తెరుచుకుని ఉంది, మోకాలి వెనక ధమని బుడగలా ఉబ్బిందా అన్నవి ఇందులో తెలుస్తాయి. కాలు పోయే స్థితిలో ఉంటే క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) రిపోర్టు కోసం సీటీని ఆపరు. రక్తంలో పొటాషియం, సీపీకే (కండరం ఎంత దెబ్బతిందో చెప్పేది), ప్లేట్‌లెట్లు, పీటీ ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చెప్పేది), ఫైబ్రినోజెన్ (గడ్డ కట్టించే ప్రొటీన్), బ్లడ్ గ్రూపు పంపుతారు. ఈసీజీ తీస్తారు.

బల్ల మీద పడుకోబెట్టి, మామూలుగా బాగున్న కాలి గజ్జలో లిగ్నొకెయిన్ మత్తిచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తొడఎముక తల ఎదురుగా ధమనిని సూదితో గుచ్చుతారు. ఈ చోటు ముఖ్యం. గజ్జ గీతకు బాగా పైన గుచ్చితే తర్వాత వేలితో నొక్కడానికి వెనక ఎముక ఉండదు, రక్తం కడుపు వెనక నిశ్శబ్దంగా చేరుతుంది. బాగా కింద గుచ్చితే నాళం సన్నం, పక్కన సిర. సూదిలోంచి తీగ, తీగ మీద షీత్ అనే గొట్టం. సైజు 6 నుంచి 8 ఫ్రెంచ్. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు, అంటే 6 ఫ్రెంచ్ షీత్‌లోంచి 2 మిల్లీమీటర్ల పరికరం వెళ్తుంది. దాన్ని పొట్టలో ధమని చీలిక మీదుగా దాటించి అవతలి కాల్లోకి దించుతారు. సీటీలో గజ్జ బాగుండి, గడ్డ మోకాలి దగ్గరుంటే అదే కాల్లో కిందివైపుగా గుచ్చడం దగ్గరి దారి. ఈ దశలో రక్తం గడ్డకట్టే సమయం, అంటే ఏసీటీ, 250 సెకన్లు దాటేలా హెపారిన్ ఇస్తారు.

ఇప్పుడు 0.035 అంగుళాల జారుడు తీగను గడ్డలోకి నడుపుతారు. తీగ వెన్నలో చాకులా దిగితే గడ్డ తాజాది, పీల్చినా వస్తుంది, కరిగించినా కరుగుతుంది. తీగ తన్నుకుంటూ వంకర్లు పోతుంటే గడ్డ పాతది, లేదా కింద కొవ్వు ఉంది. అప్పుడు ప్లాన్ మార్చాలి. స్క్రీన్ మీద ఆ ఒక్క క్షణం చాలా చెబుతుంది.

పీల్చడంలో చవకైన పద్ధతి 6 నుంచి 8 ఫ్రెంచ్ గైడ్ క్యాథెటర్, వెనక 50 ఎంఎల్ సిరంజీ. సిరంజీ పిస్టన్ లాగి పట్టుకుని, క్యాథెటర్‌ను మెల్లగా వెనక్కి తెస్తారు. సిరంజీలో రక్తం రాకుండా ఆగిపోతే అది చెడు సూచన కాదు, గడ్డ మూతికి అతుక్కుందన్నమాట. అక్కడ పిస్టన్ వదిలేస్తే గడ్డ ఊడి కిందకి పోతుంది. అలాగే పట్టుకుని మొత్తం బయటికి లాగాలి. ఇదే పనిని పంపుతో చేసేది పెనంబ్రా కంపెనీ వాళ్ల ఇండిగో. రోటారెక్స్ లోపల తిరిగే మరతో గడ్డను కోసి వెనక్కి లాగుతుంది, కాస్త పాత గడ్డకూ పనికొస్తుంది. యాంజియోజెట్ సెలైన్‌ను వేగంగా చిమ్మి గడ్డను విరగ్గొట్టి పీలుస్తుంది. దాంతో ఎర్రకణాలు పగిలి మూత్రం ఎర్రగా వస్తుంది, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు భారం. ఇవన్నీ ఒక్కసారి వాడి పారేసేవి, బిల్లులో పెద్ద అంకె ఇక్కడే. ఏ పంపైనా తెరిచిన నాళంలో నడుస్తుంటే గడ్డను కాదు, మంచి రక్తాన్ని లాగేస్తుంది. డబ్బాలో మట్టం చూస్తూ ఎవరో ఒకరు గట్టిగా చెబుతుండాలి.

కరిగించే దారి ఎంచుకుంటే, పొడవునా సన్న రంధ్రాలున్న క్యాథెటర్‌ను గడ్డ లోపలే, పై చివరనుంచి కింది చివరదాకా పరుస్తారు. రంధ్రాలు గడ్డ బయట ఉంటే మందు పక్కనాళాల్లోకి పోతుంది, గడ్డ అలాగే ఉంటుంది. గడ్డ కరిగించే మందు ఆల్టెప్లేజ్ గంటకు 0.5 నుంచి 1 మిల్లీగ్రాము, షీత్ ద్వారా తక్కువ మోతాదు హెపారిన్. మన దగ్గర యూరోకైనేజ్ కూడా వాడతారు. తర్వాత రోగిని ఐసీయూకి మార్చి, 12 నుంచి 24 గంటలకు మళ్లీ నాళాల బొమ్మ తీస్తారు. బొమ్మలో రెండుసార్లు వరసగా మార్పు లేకపోతే ఇంకా పోసి లాభం లేదు.

గడ్డ తీసేశాక అసలు దోషి బయటపడుతుంది. కింద సన్నబడిన చోటుంటే బెలూన్‌తో వెడల్పు చేస్తారు. తొడలో 5 నుంచి 6 మిల్లీమీటర్లు, మోకాలి వెనక 4 నుంచి 5, పిక్కలో 2 నుంచి 3. మోకాలి మడత దగ్గర స్టెంటు వీలైతే పెట్టరు, వంగి వంగి విరుగుతుంది. ఇది వదిలేసి గడ్డ మాత్రమే తీస్తే అక్కడే మళ్లీ గడ్డ కట్టొచ్చు. "గడ్డ తీశాం కానీ మళ్లీ మూసుకుపోయింది" అన్న ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది, లేదా కింది నాళాల్లో మిగిలిపోయిన ముక్కలు. చివరి బొమ్మ తొడ దగ్గర ఆగకూడదు, పాదం వేళ్లదాకా తీశారా అని అడగండి.

ఎవరికి కరిగించే మందు వద్దు

గత రెండు నెలల్లో పక్షవాతం, మూడు నెలల్లో మెదడు ఆపరేషన్ లేదా తలకు పెద్ద దెబ్బ, పది రోజుల్లో కడుపులో రక్తస్రావం, ఇప్పుడు ఎక్కడైనా ఆగని రక్తస్రావం: వీళ్లకు ఇవ్వరు. పది రోజుల్లో పెద్ద ఆపరేషన్, 180/110 దాటిన బీపీ, గర్భం అయితే ఆలోచించి. మీ మేనమామగారి పన్ను పీకిన చోటు పది రోజులకు పెద్ద అడ్డంకి కాదు, కానీ చిగురులోంచి రక్తం కారొచ్చు కాబట్టి చెప్పి ఉండాల్సిన విషయమే.

కరిగించడాన్నీ ఆపరేషన్‌నూ పోల్చిన ఐదు ట్రయల్స్‌లో, మొత్తం 1283 మందిలో, కాలు దక్కడంలోనూ ప్రాణం దక్కడంలోనూ పెద్ద తేడా కనిపించలేదు. నెల రోజుల లోపు పెద్ద రక్తస్రావం మాత్రం కరిగించినవాళ్లలో 8.8 శాతం, ఆపరేషన్ అయినవాళ్లలో 3.3 శాతం. పక్షవాతం 1.3 శాతం, అవతల సున్నా. కోత లేని వైద్యం కాబట్టి ప్రమాదం లేనిదనుకునేవాళ్లకు ఈ అంకెలు చూపించాలి. ఈ ట్రయల్స్ యంత్రంతో పీల్చడం వ్యాపించక ముందువన్నది కూడా గుర్తుంచుకోవాలి. పీల్చడానికి ఇప్పుడు మొగ్గు పెరగడానికి కారణం ఇదే, మందు తక్కువ పడుతుంది లేదా అసలు పడదు.

మందు నడుస్తున్నంతసేపూ ఐసీయూలో చూడాల్సినవి: తలనొప్పి, వాంతి, మగత, మాట తడబాటు వస్తే ముందు డ్రిప్ ఆపాలి, తర్వాత తల సీటీ. నడుం నొప్పితో పాటు బీపీ పడిపోతే కడుపు వెనక రక్తం చేరుతోందేమో చూడాలి. ఫైబ్రినోజెన్ ఆరు గంటలకోసారి. 150 mg/dL కంటే తగ్గితే చాలాచోట్ల మోతాదు సగం చేస్తారు, 100 కంటే తగ్గితే ఆపుతారు. కండరానికి ఇంజెక్షన్లు వద్దు. గుచ్చిన కాలు మడవకూడదు. మరుగుదొడ్డికి లేస్తానని పట్టుబట్టే పెద్దవాళ్లతో ఇదే పెద్ద పోరాటం, దగ్గర ఒకరు కూర్చోవాలి.

మధ్యలో నొప్పి ఒక్కసారిగా పెరిగితే కంగారు సహజం. గడ్డ విరుగుతూ చిన్న ముక్కలు పాదానికి చేరినప్పుడు అలా అవుతుంది. చాలాసార్లు మందు నడుస్తుండగానే తగ్గుతుంది. తగ్గకపోతే, పాదం కదలిక పోతుంటే, మర్నాటి బొమ్మదాకా ఆగకూడదు, అప్పుడే పిలవాలి.

రక్తం వచ్చాక మొదలయ్యే రెండో ప్రమాదం

అందరూ ఊపిరి పీల్చుకునే సమయం ఇది, అసలు కాపలా ఉండాల్సిందీ ఇప్పుడే. గంటల తరబడి ఆకలిగొన్న కండరానికి రక్తం రాగానే అది వాస్తుంది. పిక్క కండరాలు నాలుగు గదుల్లో, సాగని పొరల మధ్య ఉంటాయి. వాపుకు చోటు లేక ఒత్తిడి పెరిగి, తెరుచుకున్న రక్తప్రసారాన్నే లోపలినుంచి నొక్కేస్తుంది. దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. గుర్తు పట్టడం కష్టమేమీ కాదు. పిక్క రాయిలా గట్టిపడుతుంది, మందులకు లొంగని నొప్పి వస్తుంది, బొటనవేలిని ఎవరైనా పట్టి వంచితే నొప్పికి అరుస్తారు. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య సందులో స్పర్శ పోవడం ముందొచ్చే సూచన. ఒక పొరపాటు ఎప్పుడూ జరుగుతుంటుంది: "పాదంలో నాడి ఉంది కదా, పర్వాలేదు" అనుకోవడం. నాడి ఉండగానే కండరం చచ్చిపోగలదు.

లోపలి ఒత్తిడి కొలిస్తే 30 mmHg దాటినా, కింది బీపీకీ దానికీ తేడా 30 కంటే తగ్గినా ఫేషియాటమీ చేస్తారు. రెండు పొడవాటి కోతలతో నాలుగు గదులూ విప్పి, గాయాన్ని తెరిచే ఉంచి, వాపు తగ్గాక కుట్టడమో చర్మం అతకడమో చేస్తారు. చూడటానికి భయంకరంగా ఉంటుంది. కానీ ఆరు గంటలు దాటిన కాలికి, రెండు-బీకి, చాలామంది సర్జన్లు లక్షణాలు రాకముందే దీన్ని చేసేస్తారు. "కోత లేదన్నారుగా, మళ్లీ ఇదేంటి" అని గొడవపడకండి, ముందే అడిగి ఉంచుకోండి.

మూత్రం చిక్కటి డికాక్షన్ రంగులోకి మారితే కండరం కరిగి దాని ప్రొటీన్ మయోగ్లోబిన్ కిడ్నీకి చేరుతోందన్నమాట. సెలైన్ పెంచి, మూత్రం గంటకు 100 ఎంఎల్ పైన వచ్చేలా చూస్తారు. పొటాషియం కొన్ని గంటలకోసారి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో ఈ సెలైనే ఊపిరితిత్తుల్లో నీరు చేరేలా చేస్తుంది కాబట్టి ఆయాసం కనిపెట్టి ఉండాలి.

షీత్ తీశాక 15 నుంచి 20 నిమిషాలు వేళ్లతో నొక్కాలి, ఆపైన నాలుగైదు గంటలు కాలు చాచి పడుకోవాలి. హెపారిన్ మొదలైన అయిదో రోజునుంచి పదో రోజు మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతే హెపారిన్ వల్ల వచ్చే అరుదైన ప్రతిచర్య కావచ్చు. అది గడ్డలు తగ్గించేది కాదు, కట్టించేది.

ఖర్చు గురించి కూడా అడిగారు కాబట్టి: ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నవాళ్లు చేరగానే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లండి, అత్యవసరానికి ఫోన్ మీద అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. పీల్చే క్యాథెటర్, కరిగించే మందు ప్యాకేజీలో ఉన్నాయా, విడిగానా అన్నది అప్పుడే తేల్చుకోండి. హైదరాబాద్ నిమ్స్‌లో వాస్కులర్ సర్జరీకి విడిగా విభాగం ఉంది.

ఇంటికొచ్చాక

గడ్డ ఎక్కడినుంచి వచ్చిందో డిశ్చార్జి కాగితంలో రాసి ఉండాలి. లేకపోతే అడగండి. ఎకో చేశారా, గుండె లోపలి గదిలో ఇంకా గడ్డ ఉందా, గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం సన్నబడిందా? చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల కవాటం పాడైనవాళ్లు మనదేశంలో ఇంకా చాలామంది ఉన్నారు, మందు ఎంపిక అక్కడ మారిపోతుంది. కవాటం బాగుండి లయ మాత్రమే తప్పిన వాళ్లకు అపిక్సబాన్, రివరాక్సబాన్ వంటి కొత్త మాత్రలు సరిపోతాయి. రుమాటిక్ మైట్రల్ కవాటం సన్నబడితే పాత పద్ధతిలో వార్ఫరిన్ లేదా అసిట్రోమ్ ఇవ్వాలి, ఐఎన్ఆర్ 2 నుంచి 3 మధ్య. 2022లో వెలువడిన ఇన్విక్టస్ ట్రయల్‌లో రుమాటిక్ రోగుల్లో రివరాక్సబాన్ కంటే పాత మందులే మెరుగని తేలింది. "కొత్త మాత్రకు రక్తపరీక్షలక్కర్లేదు" అని ఎవరి సలహా మీదో మార్చేయకండి.

పాత కొవ్వు మీద గడ్డ కట్టినవాళ్లకు లెక్క వేరు. ఆస్పిరిన్, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ ఉంటాయి. నాళం తెరిచాక రక్తస్రావ భయం తక్కువున్నవాళ్లకు రివరాక్సబాన్ 2.5 మిల్లీగ్రాములు రెండు పూటలా కలుపుతారు. మోకాలి వెనక ధమని బుడగ వల్ల అయితే రెండో మోకాలు కూడా అల్ట్రాసౌండ్ చేయించాలి, సగం మందికి రెండు వైపులా ఉంటుంది. 45 ఏళ్ల లోపు, బీడీ సిగరెట్లు కాల్చే మగవాళ్లలో వేళ్లు నల్లబడితే బర్జర్ జబ్బు అనుమానించాలి. అక్కడ ఏ క్యాథెటరూ నిలబడదు, పొగాకు పూర్తిగా మానడం ఒక్కటే కాలిని నిలబెడుతుంది. రోజుకు ఒకటి అన్నా ఒప్పుకోదు.

వార్ఫరిన్ మీద ఉన్నవాళ్లు గోంగూర, పాలకూర, తోటకూర మానేయాలని ఎవరో చెబుతారు. మానక్కర్లేదు. వారంలో ఎంత తింటారో అంతే, ప్రతి వారమూ ఒకేలా తినండి. నెలంతా తినకుండా ఉండి ఒక్కసారిగా గోంగూర పచ్చడి మీద పడితే ఐఎన్ఆర్ కిందకి జారుతుంది. నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్, నాటుమందులు మొదలుపెట్టిన వారంలోపు ఐఎన్ఆర్ చూపించాలి.

చివరగా పన్ను సంగతి. ఒక పన్ను పీకడానికి ఈ మందులు రోజుల తరబడి ఆపాల్సిన అవసరం చాలామందికి లేదు. వార్ఫరిన్ మీద ఉంటే ఐఎన్ఆర్ చూసి, పరిమితిలో ఉంటే ఆపకుండానే పీకి, గుడ్డ నొక్కి, కుట్టు వేస్తారు. కొత్త మాత్రలైతే ఆ ఉదయం మోతాదు ఒకటి వాయిదా వేయడం సరిపోతుంది. ఎవరైనా ఆపమంటే, మళ్లీ ఏ తేదీన, ఏ పూట మొదలుపెట్టాలో అదే చీటీ మీద రాయించుకోండి.